ఏటిమొగ బురదలో మురుగు జాడ

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర రోజుకు రెండుసార్లు పోటు వచ్చి ఉప్పునీటిని పైకి తోస్తుంది. రెండుసార్లు పాటు దాన్ని వెనక్కి లాక్కుపోతుంది. ఎగువన ఉన్న ఊళ్లన్నీ వదిలిన నీళ్లు చివరికి చేరేది అక్కడికే. ఆ నీళ్లలో ఊళ్ల మురుగు ఎంత, అది ఎక్కడ పేరుకుంది, ఎన్నేళ్లుగా పేరుకుంటోంది అని అడిగితే పైనున్న నీరు సరైన జవాబు చెప్పలేదు. అడుగున ఉన్న బురద చెబుతుంది. బురద చేత ఆ జవాబు చెప్పించే రసాయన పద్ధతి గురించి, దానివల్ల రెండు మహానగరాలకు తెలిసివచ్చిన సంగతుల గురించి ఈ పూట మీతో మాట్లాడతాను.

మామూలుగా నీటి పరీక్ష అంటే సీసాలో నీళ్లు పట్టి, ప్రయోగశాలకు పంపి, కోలిఫాం బాక్టీరియా ఎంత ఉందో లెక్కపెట్టడం. తాగే నీటికి అది మంచి పరీక్ష. దాన్ని నేను తక్కువ చేయను. కానీ మొగ దగ్గర అది తడబడుతుంది. పేగుల్లో పెరిగిన బాక్టీరియా ఎండకూ ఉప్పుకూ తట్టుకోలేక కొన్ని గంటల్లో, మహా అయితే కొన్ని రోజుల్లో చచ్చిపోతుంది. పొద్దున పాటులో పట్టిన సీసా ఒక లెక్క చెబితే, మధ్యాహ్నం పోటులో పట్టిన సీసా ఇంకో లెక్క చెబుతుంది. దానికి తోడు మనలాంటి వేడి దేశాల్లో కోలిఫాం జాతికి చెందిన కొన్ని రకాలు మట్టిలో కూడా బతుకుతాయి. పెద్ద వాన కురిసి మట్టి కొట్టుకొచ్చిందంటే లెక్క ఒక్కసారిగా పెరుగుతుంది. అది మనుషుల మురుగు వల్ల పెరిగిందా, పొలాల మట్టి వల్ల పెరిగిందా అన్నది ఆ అంకె చూసి చెప్పలేం. అందుకే వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలోనూ, మలేసియా పడమటి తీరంలోనూ పనిచేసిన శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన పరిశోధనలో బాక్టీరియాతో పాటు ఒక రసాయనాన్ని కూడా కొలిచారు. దాని పేరు కోప్రోస్టనాల్.

కొలెస్ట్రాల్ పేరు ఇప్పుడు వినని ఇల్లు లేదు. కోప్రోస్టనాల్ దాని బిడ్డే. మనం తిన్న మాంసం, గుడ్డు, నెయ్యి నుంచి కొంత కొలెస్ట్రాల్ పేగుల్లోకి వస్తుంది. మన కాలేయం సొంతంగా తయారుచేసి పైత్యరసంతో పంపేది ఇంకొంత. కాబట్టి పూర్తి శాకాహారి పేగుల్లోనూ కొలెస్ట్రాల్ ఉంటుంది. పెద్దపేగులో గాలి తగలని చోట బతికే సూక్ష్మజీవులు ఆ కొలెస్ట్రాల్ అణువుకు రెండు హైడ్రోజన్ పరమాణువులు చేర్చి కోప్రోస్టనాల్‌గా మారుస్తాయి. మన శరీరం ఈ పని చేయదు, చేసేవి ఆ సూక్ష్మజీవులే. ప్రయోగశాలల్లో ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలు కొలెస్ట్రాల్‌ను ఉన్నదున్నట్టే విసర్జిస్తాయి. పసిపిల్లల పేగుల్లో ఈ సూక్ష్మజీవులు ఇంకా కుదురుకోవు కాబట్టి వాళ్ల మలంలోనూ మొదట్లో కోప్రోస్టనాల్ కనబడదు.

మనిషి మలంలో ఉండే స్టెరాల్ జాతి పదార్థాలన్నిటిలో సుమారు 60 శాతం కోప్రోస్టనాలే. ఇది నీళ్లలో కరగదు. జిడ్డు స్వభావం ఉన్న పదార్థం కాబట్టి మురుగులోని సన్నటి రేణువులను అంటిపెట్టుకుని వాటితో పాటే కిందికి దిగుతుంది. గాలి ఆడని బురదలో పూడుకుపోయాక దశాబ్దాల తరబడి నిలిచి ఉంటుంది. దీన్ని మురుగు కొలతకు వాడుకోవచ్చని 1967లో అమెరికా శాస్త్రవేత్తలు మర్టా, బంచ్ ప్రతిపాదించారు. కోప్రోస్టనాల్ తనంతట తాను ఎవరికీ హాని చేయదు. దాని పని సాక్ష్యం చెప్పడమే. హాని చేసేవి దానితో పాటు వచ్చే వైరస్‌లు, క్రిములు, లోహాలు.

ఇక్కడ మన పల్లెల శ్రోతలకు ఒక అనుమానం రావాలి. మన కాలువ గట్లన్నిటా ఆవులు, గేదెలు తిరుగుతాయి కదా, బురదలో ఉన్నది పేడా, మనిషి మలమా అని ఎలా తేల్చుతారు? దీనికి చక్కని జవాబుంది. ఆవూ గేదే తినేది గడ్డి. గడ్డిలో కొలెస్ట్రాల్ బదులు సైటోస్టెరాల్ అనే మొక్కల స్టెరాల్ ఉంటుంది. వాటి పేగుల్లోని సూక్ష్మజీవులు దాన్ని 24-ఇథైల్ కోప్రోస్టనాల్‌గా మారుస్తాయి. రెండు అణువులకూ తేడా రెండే రెండు కార్బన్ పరమాణువుల తోక. పరికరానికి ఆ తేడా చాలు. ఆస్ట్రేలియాలో లీమింగ్, ఆయన సహచరులు ఈ విషయం మీద 1990లలో ఎంతో ఓపికగా పనిచేశారు. మనిషిది, ఆవుది, గొర్రెది, గుర్రానిది, పందిది, కుక్కది, పిల్లిది, రకరకాల పక్షులది, ఇలా ఒక్కొక్క జీవి మలాన్ని పరీక్షించి దేనిలో ఏ స్టెరాల్ ఎంత పాళ్లలో ఉందో పట్టిక కట్టారు. కుక్కల్లో, పక్షుల్లో కోప్రోస్టనాల్ దాదాపు లేదని తేలింది. పందిలో, పిల్లిలో ఉంది కానీ మనిషిలో ఉన్నదానిలో పదోవంతు మాత్రమే. చేయడానికి ఎవరూ ముందుకు రాని పని అది. అలాంటి పని ఎవరో ఒకరు చేయబట్టే ఇవాళ ఒక పిడికెడు బురద చూసి, ఇందులో ఊరి వాటా ఇంత, పశువుల దొడ్ల వాటా ఇంత అని చెప్పగలుగుతున్నాం.

ఇంకో చిక్కు కూడా ఉంది. బురదలో సహజంగా బతికే బాక్టీరియా కూడా కొలెస్ట్రాల్‌ను మారుస్తుంది. కానీ అది ఎక్కువగా తయారుచేసేది కొలెస్టనాల్ అనే కవల అణువును. ఒక్క హైడ్రోజన్ పరమాణువు దిశలో మాత్రమే ఆ రెంటికీ తేడా. అందుకని కోప్రోస్టనాల్ ఎంత ఉందో చూసి ఊరుకోరు. ఆ రెండూ కలిపిన మొత్తంలో కోప్రోస్టనాల్ వాటా ఎంతో చూస్తారు. అది 0.7 దాటితే మురుగు చేరిందని నిశ్చయంగా చెప్పవచ్చని 1990లో స్పెయిన్‌కు చెందిన గ్రిమాల్ట్, ఆయన సహచరులు సూచించారు. 0.3 లోపు ఉంటే ఆ బురద శుభ్రంగా ఉందని భావిస్తారు. మధ్యలో ఉన్నదాని మీద తొందరపడి తీర్పు ఇవ్వకూడదు, ఇంకో సాక్షిని పిలవాలి.

ఆ రెండో సాక్షి మన బట్టల సబ్బు పొడిలో ఉంది. డిటర్జెంట్లలో నురుగు తెప్పించి మురికి వదలగొట్టే ముఖ్య పదార్థాన్ని లీనియర్ ఆల్కైల్ బెంజీన్ అనే నూనెలాంటి ముడిపదార్థం నుంచి తయారుచేస్తారు. దాన్నే పొట్టిగా ల్యాబ్ అంటారు. కర్మాగారంలో ఆ ముడిపదార్థం మొత్తం మారిపోదు. ఒకటి నుంచి మూడు శాతం దాకా మారకుండా పొడిలోనే మిగిలిపోతుంది. బట్టలు ఉతికిన నీళ్లతో కాలువలోకి, కాలువలోంచి ఏట్లోకి, ఏట్లోంచి మొగ బురదలోకి చేరుతుంది. దీన్ని భూమ్మీద ఏ జంతువూ, ఏ చెట్టూ తయారు చేయదు. బురదలో ల్యాబ్ కనబడిందంటే ఆ నీళ్లు ఏదో ఒక ఇంటి దొడ్లోంచో, చాకిరేవు నుంచో వచ్చి తీరాలి. 1983లో కాలిఫోర్నియా తీరంలో ఈగన్‌హౌస్, ఆయన సహచరులు దీన్ని మురుగు గుర్తుగా వాడవచ్చని చూపారు. తర్వాత జపాన్‌లో టకాడా, ఇషివతారి టోక్యో నదుల్లో, టోక్యో అఖాతంలో ఆ పనిని చాలా దూరం తీసుకెళ్లారు.

ల్యాబ్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే గుణం ఒకటుంది. బెంజీన్ వలయం ఒక పొడవాటి కార్బన్ గొలుసుకు అతుక్కుని ఉండే అణువు అది. కొన్ని అణువుల్లో వలయం గొలుసు కొస దగ్గర అతుక్కుంటుంది, కొన్నిటిలో నడిమధ్యన. గాలి తగిలే చోట బాక్టీరియా కొస దగ్గర అతుక్కున్న రకాన్ని తొందరగా తినేస్తుంది. నడిమి రకాన్ని తినడం దానికి కష్టం. కాబట్టి శుద్ధి చేయకుండా నేరుగా వదిలిన మురుగులో రెండు రకాలూ ఉంటాయి. శుద్ధి కేంద్రంలో గాలి పట్టించి, బాక్టీరియా చేత బాగా తినిపించి వదిలిన నీళ్లలో నడిమి రకమే ఎక్కువగా మిగులుతుంది. ఈ రెండిటి నిష్పత్తి చూస్తే, బురదలోకి చేరిన మురుగు శుద్ధి కేంద్రం గుండా వచ్చిందా, లేక దాన్ని తప్పించుకుని దొడ్డిదారిన వచ్చిందా అన్నది తెలుస్తుంది. శుద్ధి చేసే వదులుతున్నామని కాగితం మీద ఎవరు ఏం రాసుకున్నా బురదలో ఉన్న నిష్పత్తి మారదు.

ఈ ఇద్దరు సాక్షులూ కలిసి చెప్పేది విడివిడిగా చెప్పేదానికంటే ఎక్కువ. జపాన్‌లో చాలాకాలం మరుగుదొడ్ల మలాన్ని బండ్లతో తోడి విడిగా శుద్ధి చేసేవారు. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు, బట్టల నీళ్లు మాత్రం నేరుగా కాలువల్లోకి పోయేవి. అలాంటి చోట బురదలో ల్యాబ్ ఎక్కువగా, కోప్రోస్టనాల్ తక్కువగా ఉంటుంది. మన పట్టణాల్లోనూ ఎన్నో ఇళ్లకు సెప్టిక్ ట్యాంకు వేరు, వీధి సైడుకాలువ వేరు. ఆ ట్యాంకు నిండాక తోడిన లారీ తన సరుకును ఎక్కడ దించుతోందో తెలుసుకోవాలంటే ఏట్లో కోప్రోస్టనాల్ ఎక్కడ ఒక్కసారిగా పెరిగిందో చూస్తే చాలు.

వీటిలో ఏ సాక్షి కూడా ఒంటరిగా సరిపోదన్న దానికి మంచి ఉదాహరణ దక్షిణధ్రువం దగ్గరిది. మనుషులు కాపురం లేని అంటార్కిటిక్ సముద్రపు బురదలో కూడా కోప్రోస్టనాల్ దొరికింది. అది తిమింగలాల, సీళ్ల విసర్జన అని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఇందిరా వెంకటేశన్, మరో శాస్త్రవేత్తతో కలిసి 1989లో వివరించారు. సీళ్లు సబ్బు పొడి వాడవు. కోప్రోస్టనాల్ ఉండి ల్యాబ్ లేకపోతే మనిషిని అనుమానించే ముందు ఒకసారి ఆగాలి.

ఇప్పుడు బురదను పైకి తీసే పని చూద్దాం. పడవ మీద నుంచి ఒక గొట్టాన్ని నిటారుగా అడుగుకు దించుతారు. పొరలు చెదరకుండా మూరెడో, బారెడో బురద కడ్డీని పైకి లాగుతారు. మన పాత ఇళ్ల గోడలకు ఏటేటా సంక్రాంతికి వేసిన సున్నం పొరల్లాగా బురద కూడా ఏడాది మీద ఏడాది పొరగా పడి ఉంటుంది. పైది ఈ ఏటిది, లోతుకు వెళ్లేకొద్దీ పాతది. దాన్ని ఒకటి రెండు సెంటీమీటర్ల బిళ్లలుగా కోసి ఒక్కో బిళ్లను విడిగా పరీక్షిస్తారు. ఏ పొర ఏ ఏటిదో చెప్పడానికి ప్రకృతి రెండు గడియారాలు ఇచ్చింది. ఒకటి సీసం-210. గాల్లోంచి నిత్యం రాలే ఈ రేడియోధార్మిక సీసం సుమారు 22 ఏళ్లకు సగం అవుతుంది. రెండోది మనిషి చేసిన పాపం, సీజియం-137. అగ్రరాజ్యాలు ఆకాశంలో పేల్చిన అణుబాంబుల ధూళి 1963 ప్రాంతంలో అత్యధికంగా రాలింది. బురదలో ఎక్కడ సీజియం శిఖరం కనబడితే అక్కడ 1963 అని గీత గీయవచ్చు.

డిటర్జెంట్ కూడా ఒక తేదీ రాసిపెట్టింది. మొదట్లో వచ్చిన డిటర్జెంట్లలో వాడిన రసాయనం కొమ్మలు కొమ్మలుగా చీలిన గొలుసుతో ఉండేది. బాక్టీరియాకు అది కొరుకుడు పడలేదు. 1950లలో అమెరికా, యూరప్ నదుల మీద నురుగు గుట్టలు గుట్టలుగా తేలింది. జనం గోల పెట్టగా అమెరికా కంపెనీలు 1965లో కొమ్మలు లేని రకానికి మారాయి. అందువల్ల అక్కడి బురదలో కింది పొరల్లో పాత రకం, పై పొరల్లో కొత్త రకం దొరుకుతాయి. ఆ రెండూ కలిసే చోటు 1965కు ఆనవాలు.

ప్రయోగశాలలో పని నిదానంగా సాగుతుంది. బురదను గడ్డకట్టించి, శూన్యంలో తడి లాగేసి, పొడి చేసి, డైక్లోరోమీథేన్ లాంటి ద్రావకంతో జిడ్డు పదార్థాలను బయటికి లాగుతారు. సిలికా నింపిన గాజు గొట్టం గుండా పంపి వేటికవి విడదీస్తారు. చివరికి గ్యాస్ క్రొమటోగ్రాఫ్, మాస్ స్పెక్ట్రోమీటర్ జతచేసిన యంత్రం ఒక్కో అణువునూ బరువును బట్టి, ముక్కలయ్యే తీరును బట్టి గుర్తుపడుతుంది. గ్రాము బురదలో గ్రాములో కోట్లవ వంతు ఉన్నా పట్టుకుంటుంది. ఇంత సున్నితమైన పనిలో పరీక్షించే మనిషే ప్రమాదకారి. చేతి వేళ్ల జిడ్డులో కొలెస్ట్రాల్ ఉంటుంది. గాజు పాత్రలను డిటర్జెంట్‌తో కడిగి సరిగా తొలవకపోతే ల్యాబ్ అక్కడే అంటుకుంటుంది. అందుకే పాత్రలను కొలిమిలో కాల్చి వాడతారు, చేతులకు తొడుగులు లేకుండా నమూనాను ముట్టుకోరు.

ఈ పద్ధతికి పరిమితులు లేవని నేను అనను. పీతలు, పురుగులు బురదను తవ్వి పొరలు కలిపేస్తాయి. తుపాను వస్తే పైపొర మొత్తం లేచిపోతుంది. ఓడల కోసం రేవు పూడిక తీసిన చోట చరిత్రే ఉండదు. ఇసుక నేలలో గుర్తులు నిలవవు, సన్నటి బంకమట్టిలో నిలుస్తాయి. కాబట్టి రెండు చోట్ల అంకెలను పోల్చే ముందు మట్టి రేణువుల సైజును, అందులోని సేంద్రియ కార్బన్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇవన్నీ తెలిసిన నిపుణుడి చేతిలో మాత్రమే ఇది పనికొచ్చే ఆయుధం.

ఇక బోస్టన్ సంగతికి వస్తాను. చార్ల్స్, మిస్టిక్, నెపాన్‌సెట్ అనే మూడు చిన్న నదులు వచ్చి కలిసే నౌకాశ్రయం అది. చుట్టూ 43 పట్టణాలు, గ్రామాల మురుగు, 20 లక్షలకు పైగా జనం వదిలిన మురుగు, అక్కడ రెండు శుద్ధి కేంద్రాలకు చేరేది. ఒకటి నట్ ఐలండ్‌లో 1952లో, రెండోది డీర్ ఐలండ్‌లో 1968లో కట్టారు. రెండూ పెద్ద చెత్తనూ మడ్డినీ మాత్రమే దింపగలిగేవి. దింపిన మడ్డినైనా వేరే చోటికి తీసుకెళ్లారా అంటే లేదు. పాటు వేళ చూసి మళ్లీ ఆ నౌకాశ్రయంలోకే వదిలేవారు. పాటు దాన్ని సముద్రంలోకి లాక్కుపోతుందని వాళ్ల నమ్మకం. పోటు దాన్ని వెనక్కి తెచ్చి రేవు అడుగున పరిచింది. 1980లలో అక్కడి ఫ్లౌండర్ చేపల కాలేయాల్లో కణుతులు కనబడ్డాయి. 1982లో క్విన్సీ నగర న్యాయవాది విలియం గోల్డెన్ తమ ఊరి బీచ్ మలినమై ఉండటం కళ్లారా చూసి కోర్టులో దావా వేయించాడు. 1985 నుంచి ఫెడరల్ న్యాయమూర్తి డేవిడ్ మజోన్ ఆ వ్యవహారాన్ని ఏళ్ల తరబడి తన పర్యవేక్షణలో ఉంచుకున్నాడు. 1991 డిసెంబరులో మడ్డి వదలడం ఆగిపోయింది. ఆ మడ్డిని ఎండబెట్టి ఎరువు గుళికలుగా చేయడం మొదలుపెట్టారు. కొత్త డీర్ ఐలండ్ కేంద్రం కట్టారు. 2000 సెప్టెంబరులో శుద్ధి చేసిన నీటిని సముద్రగర్భంలో 15 కిలోమీటర్ల సొరంగం ద్వారా లోతైన మసాచుసెట్స్ అఖాతంలోకి తీసుకెళ్లారు. మొత్తం ఖర్చు సుమారు 380 కోట్ల డాలర్లు.

ఇంత డబ్బు పెట్టాక ఫలితం ఉందో లేదో ఎలా తెలుస్తుంది? నీళ్లు తేటబడ్డాయి, పిల్లలు ఈతకొడుతున్నారు అన్నది నిజమే, సంతోషమే. కానీ అడుగున ఏం జరిగిందో బురదనే అడగాలి. అమెరికా భూగర్భ సర్వే సంస్థకు చెందిన మైఖేల్ బోత్నర్, ఆయన సహచరులు ఆ పని ఏళ్ల తరబడి చేశారు. వాళ్లు పట్టుకున్న గుర్తుల్లో వెండి ఒకటి. ఫొటో స్టూడియోల నుంచి, ఆసుపత్రుల ఎక్స్‌రే గదుల నుంచి ఫిల్మ్ కడిగిన నీళ్లతో వెండి మురుగులో చేరేది. సహజమైన బురదలో వెండి అత్యల్పం కాబట్టి కాస్త పెరిగినా తెలిసిపోతుంది. ఇంకో గుర్తు క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే పేగు బాక్టీరియా సిద్ధబీజాలు. మిగతా బాక్టీరియా చచ్చినా ఈ గట్టి పెంకు బీజాలు బురదలో ఏళ్ల తరబడి ఉంటాయి.

వాళ్లు కనుగొన్నది చిన్న విషయం కాదు. నౌకాశ్రయం బురదలో లోహాలు గణనీయంగా తగ్గుతూ వచ్చాయి. అదే సమయంలో బోస్టన్ మురుగు తాలూకు వెండి నౌకాశ్రయం దాటి, మసాచుసెట్స్ అఖాతం దాటి, పదుల కిలోమీటర్ల దూరాన ఉన్న కేప్ కాడ్ అఖాతపు బురదలో కూడా దొరికింది. సొరంగం వల్ల మా తీరం పాడవుతుందని అప్పట్లో కేప్ కాడ్ వాసులు భయపడ్డారు. ఆ భయం న్యాయమైనదే. కానీ సొరంగం తవ్వకముందే పాత పద్ధతిలోనే బోస్టన్ మురుగు వాళ్ల దాకా చేరుతూ ఉందని బురద చెప్పింది. సొరంగం తెరిచాక గొట్టం నోటికి దగ్గరలో సిద్ధబీజాలు కొంచెం పెరిగాయి. దూరాన మార్పు లేదు. ఇలా ముందూ వెనకా కొలిచి పెట్టుకున్నారు కాబట్టే వాదన పుకార్ల మీద కాక అంకెల మీద నడిచింది. బోస్టన్ కథలో నాకు ఎక్కువ గౌరవం కలిగించేది ఆ సొరంగం కంటే ఈ కొలత.

న్యూయార్క్ వాళ్ల సంగతి ఇంకా కళ్లు తెరిపించేది. 1924 నుంచి ఆ నగర ప్రాంతపు మురుగు మడ్డిని బార్జిల్లో తీసుకెళ్లి తీరానికి 12 మైళ్ల దూరంలో సముద్రంలో గుమ్మరించేవారు. 1979లో హాచర్, మెక్‌గిల్లివరీ అక్కడి బురదలో కోప్రోస్టనాల్ కొలిచి మురుగు ఎంత మేర పరుచుకుందో చూపారు. విమర్శలు పెరిగాక ఏం చేశారు? ఇంకా దూరం తీసుకెళ్లారు. 106 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 200 కిలోమీటర్లు. అక్కడ సముద్రం రెండున్నర కిలోమీటర్ల లోతు. అంత లోతులో మడ్డి ఎక్కడికక్కడ చెదిరిపోతుందని, అడుగుకు చేరనే చేరదని ధైర్యం చెప్పుకున్నారు. 1986 నుంచి 1992 దాకా కోట్ల టన్నుల తడి మడ్డిని అక్కడ పోశారు.

శాస్త్రవేత్తలు మనుషులు దిగే ఆల్విన్ జలాంతర్గామిలో కిందికి వెళ్లి బురద తెచ్చారు. అందులో వెండి ఉంది, సిద్ధబీజాలున్నాయి. టోక్యోలో ఈ విద్యలో ఆరితేరిన టకాడా, శాస్త్రవేత్తలు బోత్నర్, ఫారింగ్టన్ తదితరులతో కలిసి అదే బురదలో ల్యాబ్, కోప్రోస్టనాల్ ఉన్నాయని 1994లో చూపారు. సూర్యకాంతి ఎన్నడూ సోకని చోట, రెండున్నర కిలోమీటర్ల లోతున, న్యూయార్క్ ఇళ్ల సబ్బు పొడి దొరికింది. అంతకు రెండేళ్ల ముందే వాన్ డోవర్, ఆమె సహచరులు అక్కడి సముద్రపు అర్చిన్‌ల శరీరంలోని నత్రజని ఐసోటోపులను కొలిచి, ఆ జీవులు మురుగు తాలూకు ఆహారం తింటున్నాయని నిరూపించారు. అమెరికా కాంగ్రెస్ 1988లో చేసిన నిషేధ చట్టం ప్రకారం 1992 జూన్ నెలాఖరుకు న్యూయార్క్ నగరం బార్జిలు ఆగిపోయాయి.

సముద్రం అంత పెద్దది, మన ఊరి మురుగు అందులో ఏపాటి, కలిసిపోతుందిలే అన్న మాట లోకమంతా ఉంది. మన తీరంలోనూ ఉంది. ఆ మాటను బోస్టన్ బురద, న్యూయార్క్ బురద రెండూ అబద్ధమని తేల్చాయి. నీటి ఉపరితలం మీద కనబడనిది అడుగున ఉంది. ఎన్నేళ్ల పాటు పోశారో, దాని తేదీలతో సహా ఉంది.

ఇదంతా నేను తెలుగు శ్రోతలకు ఎందుకు చెబుతున్నానంటే, మనకు గోదావరికీ కృష్ణకూ డెల్టాలున్నాయి, వంశధార, నాగావళి మొగలున్నాయి, ఎన్నో ఉప్పుటేళ్లున్నాయి. విశాఖపట్నం లోపలి రేవు 1933లో తెరిచింది మేఘాద్రిగెడ్డ వచ్చి కలిసే ఉప్పునీటి చిత్తడిలోనే. ఆ మొగల్లో చేపా రొయ్యా పట్టుకుని బతికే కుటుంబాలున్నాయి, చిత్తడినేలల్లో మడ అడవులున్నాయి. మన ఊళ్లు పెరుగుతున్నాయి. మురుగు శుద్ధి కేంద్రాలు కడుతున్నారు, ఇంకా కడతారు. కట్టడం మంచిది. అయితే కట్టిన కేంద్రం పనిచేస్తోందో లేదో రుజువు కావాలంటే, కట్టకముందు బురద ఎలా ఉందో తెలిసి ఉండాలి. పూడిక తీసే యంత్రం ఒకసారి వచ్చి ఆ పొరలను తీసి బయట పోస్తే ఆ రుజువు మళ్లీ దొరకదు.

తీరప్రాంతపు విశ్వవిద్యాలయాల్లో రసాయన శాస్త్రం, సముద్ర శాస్త్రం చదువుతున్న విద్యార్థులకు నేను ఒకటి చెప్పదలచుకున్నాను. పరిశోధనకు అంశం వెతుక్కుంటున్నారా? మీ ఊరి ఏటిమొగకు వెళ్లండి. పూడిక తీయని చోటు చూసి ఒక బురద కడ్డీ తీయండి. కోప్రోస్టనాల్, 24-ఇథైల్ కోప్రోస్టనాల్, ల్యాబ్ మూడూ కొలవండి. ఒక్కదానితో ఆగకండి. సగం కడ్డీని పరీక్షించకుండా గడ్డకట్టించి దాచండి, ఇరవై ఏళ్ల తర్వాత ఇంకా మంచి పరికరంతో ఇంకొకరు చూస్తారు.

మున్సిపాలిటీ సభ్యులకు, పంచాయతీ పెద్దలకు, మత్స్యకార సంఘాల వారికి కూడా ఒక మనవి. మీ ఊరికి మురుగు శుద్ధి కేంద్రం మంజూరైనప్పుడు కాగితాల్లో నీటి పరీక్ష తప్పకుండా ఉంటుంది. దానితో పాటు మొగ దగ్గరి బురద పరీక్ష కూడా చేర్పించండి. పని మొదలుకాకముందు ఒకసారి, కేంద్రం నడిచిన ఐదేళ్లకు ఒకసారి చేయించండి. ఆ రెండు ఫలితాలనూ ఊరి జనానికి తెలుగులో చదివి వినిపించమని అడగండి. అడిగే హక్కు మీకుంది.